బ్రేకు తొక్కినా కారు ఆగదేం?

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. గుండ్రటి వీపు, గుండ్రటి దీపాలు, లోపల సోఫాలాంటి సీట్లు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1958 నుంచి 2014 వరకు ఇది తయారైంది. ఒకప్పుడు మన ఊళ్లలో టాక్సీ అన్నా అదే, కలెక్టరుగారి బండి అన్నా అదే. తయారీ ఆగిపోయినా, దాని మీద మమకారం చావనివాళ్లు ఇంకా కొందరు దాన్ని తుడిచి, తోమి నడుపుకుంటూనే ఉన్నారు. అలాంటి వారిని "బండి ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. "ఇంజను బ్రహ్మాండం. బ్రేకులే సరిగా పట్టడం లేదు" అంటారు.

బ్రేకులు పట్టకపోవడం చిన్న విషయం కాదు. ఇంజను చెడితే కారు ఇంటి దగ్గరే ఉండిపోతుంది. బ్రేకు చెడిన కారు మాత్రం చక్కగా బయలుదేరుతుంది. అక్కడే ఉంది ప్రమాదమంతా.

అయితే "బ్రేకు పట్టడం లేదు" అన్న మాటలో జబ్బు పేరు లేదు. కడుపు నొప్పి అని వెళ్లిన మనిషికి డాక్టరు వెంటనే మందు రాయడు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, తిన్న తరువాతా తినక ముందా అని అడుగుతాడు. నాడి పట్టుకొని చూస్తాడు. కారు బ్రేకుకూ నాడి ఉంది. అది డ్రైవరు కాలి కింద ఉన్న పెడలు. దాన్ని తొక్కినప్పుడు అది ఎంత దూరం దిగింది, మెత్తగా దిగిందా గట్టిగా దిగిందా, దిగి నిలిచిందా ఇంకా జారుతోందా అని గమనిస్తే, చక్రం విప్పకముందే జబ్బు సగం తెలిసిపోతుంది. మిగతా సగం మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది.

ముందుగా ఒక ప్రశ్న. కారు ఆగినప్పుడు దాని వేగం ఎక్కడికి పోతుంది? కారు, అందులోని మనుషులు, సామాను అన్నీ కలిసి 1500 కిలోగ్రాములు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం యొక్క వర్గంతో గుణిస్తే గతిజశక్తి వస్తుంది కదా! లెక్క కడితే సుమారు 2,08,000 జౌళ్ళు. కారు ఆగాక ఈ శక్తి మాయం కాలేదు. దాదాపు అంతా బ్రేకులలో వేడిగా మారింది. ఆ వేడితో 700 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. అంటే ఇంటిల్లిపాదికీ టీ! వేగం రెట్టింపయితే ఈ శక్తి నాలుగు రెట్లు అవుతుందని కూడా గుర్తుంచుకోండి. కాబట్టి బ్రేకు అంటే పట్టుకొనే యంత్రం అనుకోకండి. చలనాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి అప్పగించే యంత్రం అది.

డ్రమ్ములో ఏముంది?

చక్రంతోబాటు తిరిగే పోత ఇనుప గిన్నె ఒకటి బోర్లించినట్లుగా ఉంటుంది. అదే డ్రమ్ము. దాని లోపల, తిరగకుండా, అర్ధచంద్రాకారంలో రెండు ఇనుప ముక్కలు ఉంటాయి. వాటిని షూలు అంటారు. షూ వీపు మీద లైనింగు అనే గరుకు పదార్థం అంటించో, రివెట్లు కొట్టో ఉంటుంది. పెడలు తొక్కితే షూలు విచ్చుకొని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. కాలు తీయగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. ఈ తరహా బ్రేకును 1902లో ఫ్రాన్సు దేశపు లూయీ రెనో బాగా వాడుకలోకి వచ్చే రూపంలో తయారుచేశాడు. అంబాసిడర్ పాత నమూనాలలో నాలుగు చక్రాలకూ ఇవే. ఇప్పటి చిన్న కార్లలో కూడా చాలావాటికి వెనుక చక్రాలలో డ్రమ్ములే ఉన్నాయి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. దాన్ని తెలుసుకోవడానికి ఒక కర్ర తీసుకొని గరుకు నేల మీదికి వెళ్లండి. కర్ర పై కొస మీ చేతిలో ఉంచుకొని, కింది కొసను మీకు ముందు ఏటవాలుగా నేలకు ఆనించి, దాన్ని తోసుకుంటూ నడవండి. అది నేలలోకి దిగబడి ఆగిపోతుంది; గట్టిగా తోస్తే ఇంకా దిగబడుతుంది. ఇప్పుడు కర్రను వెనుక వేసి ఈడ్చుకుంటూ నడవండి. హాయిగా జారుతూ వస్తుంది. అదే కర్ర, అదే నేల! డ్రమ్ము తిరిగే దిశనుబట్టి ఒక షూ మొదటి రకం కర్రలా పనిచేస్తుంది. డ్రమ్మే దాన్ని లోపలికి లాక్కొని తనకు తాను బిగించుకుంటుంది. రెండో షూ ఈడ్చిన కర్రలా ఉంటుంది. దానికి పట్టు తక్కువ. ముందు చక్రాల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి, చాలా పాత కార్లలో అక్కడ రెండు షూలనూ మొదటి రకంగానే అమర్చారు. అందుకే అలాంటి కారు వెనక్కి దొర్లుతున్నప్పుడు ముందు బ్రేకుల పట్టు బాగా తగ్గిపోతుంది. మెరక మీద ఆగిన పాత కారు వెనక్కి జారితే, ముందుకు పోయేటప్పటికన్నా గట్టిగా తొక్కవలసి రావడానికి ఇదే కారణం. అది జబ్బు కాదు, స్వభావం.

తనకు తాను బిగించుకొనే గుణం వల్ల తక్కువ బలంతో ఎక్కువ పట్టు దొరుకుతుంది. కాని దానికి మూల్యం ఉంది. లైనింగు ఘర్షణ గుణకం కొంచెం తగ్గితే బ్రేకు పట్టు కొంచెం తగ్గి ఊరుకోదు, చాలా ఎక్కువగా పడిపోతుంది. ఒక్క చక్రంలో నాలుగు చుక్కల నూనె పడితే కారు పక్కకు లాగడం అందువల్లనే.

కాలు నుంచి షూ దాకా

పెడలు బలాన్ని చక్రం దగ్గరకు మోసుకుపోయేది ద్రవం. మెకానిక్కులు దాన్ని బ్రేక్ ఆయిల్ అంటారు గాని, నిజానికి అది నూనె కాదు. గ్లైకాల్ జాతికి చెందిన రసాయనం. నాలుగు చక్రాలకూ ద్రవంతో పనిచేసే బ్రేకులతో అమ్మకానికి వచ్చిన మొదటి కారు 1921 నాటి అమెరికా వారి డ్యూసెన్‌బర్గ్. సూత్రం మాత్రం పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు: మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా చేరుతుంది.

ఒక లెక్క వేద్దాం. మీరు పెడలును 200 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 20 కిలోల బరువు మోపినట్లు, తొక్కారు. పెడలు ఒక తులాదండం. అది బలాన్ని 5 రెట్లు చేసి 1000 న్యూటన్లుగా మాస్టర్ సిలిండర్‌లోని ముషలకానికి అందిస్తుంది. ముషలకం వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే పీడనం చదరపు సెంటీమీటరుకు 250 న్యూటన్లు. ఇది గొట్టాల గుండా ప్రతి చక్రంలోని వీల్ సిలిండర్‌కు చేరుతుంది. అక్కడి ముషలకం వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే షూ మీద పడే బలం 1250 న్యూటన్లు. చిన్న కాలితో ఏనుగును ఆపవచ్చునన్నమాట.

బలం పెరిగింది కాబట్టి దూరం తగ్గి తీరాలి. పెడలు 15 సెంటీమీటర్లు దిగితే మాస్టర్ సిలిండర్‌లో ముషలకం 3 సెంటీమీటర్లే కదులుతుంది. అది తోసే ద్రవం 12 మిల్లీలీటర్లు. నాలుగు చక్రాలకూ కలిపి ఉన్న పెట్టుబడి అంతే! ఆ 12 మిల్లీలీటర్లలో ఎంత వృథా అయితే పెడలు అంత కిందికి పోతుంది.

ఇప్పుడు గొట్టంలో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల గాలి చిక్కుకుందనుకోండి. పైన చెప్పిన పీడనం వాతావరణ పీడనానికి సుమారు 25 రెట్లు. బాయిల్ నియమం ప్రకారం ఆ గాలి ఒక మిల్లీలీటరులో అయిదో వంతుకు కుంచించుకుపోతుంది. దాన్ని నొక్కడానికే దాదాపు 4.8 మిల్లీలీటర్ల ద్రవం ఖర్చయింది. పెడలు లెక్కలో అది 6 సెంటీమీటర్లు. ఒక్క టీస్పూను గాలి పెడలు ప్రయాణంలో సగానికి కాస్త తక్కువగా మింగేసింది.

దీన్ని మీరే చూడవచ్చు. మందుల షాపులో సూదులు లేని సిరంజిలు రెండు, వాటికి పట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకోండి. నీళ్లలో ముంచి, బుడగ లేకుండా నింపి, కలపండి. ఒకదాన్ని నొక్కిన క్షణంలోనే రెండోది కదులుతుంది. ఇప్పుడు కావాలని ఒక పెద్ద బుడగను గొట్టంలోకి రానిచ్చి, రెండో సిరంజిని స్నేహితుణ్ణి గట్టిగా పట్టుకోమని మొదటిదాన్ని నొక్కండి. వేలికి స్పాంజిని నొక్కినట్లు ఉంటుంది. పాత కారు డ్రైవరు కాలికి తగిలేది సరిగ్గా ఇదే.

నాడి చూడడం

ఇప్పుడు పెద్దవాళ్లెవరైనా కారును సమతలం మీద నిలిపి, ఇంజను ఆపి, పెడలు తొక్కి చూడాలి. మీరు పక్కన కూర్చొని రాసుకోవచ్చు.

మొదటిసారి తొక్కితే పెడలు చాలా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగిందా? షూకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైంది. లైనింగు అరిగేకొద్దీ ఈ ఎడం పెరుగుతుంది. మొదటి తొక్కుడులోని ద్రవమంతా షూలను అంత దూరం నడిపించడానికే సరిపోయింది. కాలు తీసి వెంటనే తొక్కేసరికి, షూలు పూర్తిగా వెనక్కి పోకముందే పై డబ్బాలోంచి కొత్త ద్రవం వచ్చి చేరింది. అందుకని పెడలు పైకి వచ్చింది. ఇది అన్నిటికన్నా తేలికైన జబ్బు. డ్రమ్ము వెనుక పలకకు ఉండే అడ్జస్టరును, షూ డ్రమ్మును ఒరుసుకొనేదాకా తిప్పి, చక్రం మళ్లీ ఒరుపు లేకుండా తిరిగేటంత వెనక్కి వదిలితే చాలు. లైనింగు బాగా పలచబడి ఉంటే మాత్రం కొత్తది వేయించాలి.

రెండోసారి, మూడోసారి తొక్కినా మెత్తదనం పోలేదా? అది ఎడం వల్ల కాదు. గాలి ఉందని అనుమానించాలి. మెకానిక్కు ప్రతి వీల్ సిలిండర్ దగ్గర ఉన్న చిన్న మరను వదులు చేసి, ఒకరు పెడలు తొక్కుతుండగా బుడగలు ఆగేదాకా ద్రవాన్ని బయటకు వదులుతాడు.

పెడలు గట్టిగానే ఆగి, కాలు అలాగే నొక్కి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతోందా? ద్రవం ఎక్కడికో పోతోంది. పై డబ్బాలో మట్టం తగ్గుతూ ఉంటే బయటికి కారుతోంది: గొట్టాల వెంట, చక్రాల లోపలి వైపు తడి కోసం వెదకాలి. మట్టం తగ్గకుండానే పెడలు దిగుతుంటే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు అరిగిపోయి, ద్రవం దాని పక్కనుంచి వెనక్కి జారుతోందన్నమాట. నా దృష్టిలో అన్నిటికన్నా భయపడవలసిన లక్షణం ఇదే. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే ద్రవ మార్గం ఉంటుంది. ఒక్కచోట తెగితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. తరువాతి కార్లలో రెండు వేర్వేరు మార్గాలు పెట్టారు. పెడలు దిగే కారును గ్యారేజీ దాకా కూడా నడపకూడదు, మెకానిక్కునే పిలిపించాలి.

పెడలు రాయిలా గట్టిగా ఉంది, కాని కారు ఆగడం లేదా? అప్పుడు ద్రవాన్ని అనుమానించి లాభం లేదు. బలం షూ దాకా చేరుతోంది, ఘర్షణే లేదు. లైనింగు వేడికి గాజులా నున్నబడి ఉండవచ్చు. నూనెలో నాని ఉండవచ్చు. లేదా ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న కారయితే వీల్ సిలిండర్ ముషలకాలు తుప్పు పట్టి కదలకుండా బిగుసుకుపోయి ఉండవచ్చు. వీటిని డ్రమ్ము విప్పి చూడవలసిందే. లైనింగు నూనె పీల్చుకుంటే పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. అది పనికిరాదు. పైకి ఆరినట్లే ఉంటుంది. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. ఆ నూనె ఎక్కడిదో కూడా తేల్చుకోవాలి. పలచగా ఉంటే వీల్ సిలిండర్ కారుతోంది. చిక్కగా, గంధకం వాసన వేస్తుంటే వెనుక ఇరుసులోని గేరు ఆయిలు సీలు దాటి వస్తోంది. మూలం ఆపకుండా కొత్త లైనింగు వేస్తే అదీ నానిపోతుంది.

తొక్కినప్పుడల్లా పెడలు కాలిని కొట్టినట్లు పైకీ కిందికీ అదురుతుంటే డ్రమ్ము గుండ్రదనం పోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత లైనింగుల తయారీలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు తీరని జబ్బు తెచ్చిపెడుతుంది. క్యాన్సర్ కూడా రావచ్చు. డ్రమ్ము విప్పగానే నోటితో ఉఫ్ అని ఊదడం, గాలి పంపుతో కొట్టడం చాలాచోట్ల చూస్తాం. తడిగుడ్డతో తుడవాలి. మీరయితే దూరంగా నిలబడి చూడండి.

సుద్దముక్క చెప్పిన సాక్ష్యం

లక్షణాలన్నీ ఇలా పుస్తకంలోలాగా విడివిడిగా వస్తే ఎంత బాగుండును! మా వీధిలో ఒకాయన అంబాసిడర్‌కు ముందు చక్రాలకు కొత్త లైనింగు వేయించారు. అప్పటినుంచి పెడలు మెత్తబడింది. గాలి అనుకొని మూడుసార్లు గాలి తీయించారు. మాస్టర్ సిలిండర్ కొత్తది వేయించారు. పెడలు మారలేదు. చివరికి పక్క ఊరినుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిచారు. నేనూ చూడడానికి వెళ్లాను.

ఆయన ఏదీ విప్పలేదు. చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టాన్ని నున్నటి దవడలున్న బిగింపుతో మెల్లగా నొక్కి మూశాడు. ఆ చక్రానికి ద్రవం వెళ్లదు కాబట్టి, మెత్తదనానికి కారణం ఆ చక్రమే అయితే పెడలు గట్టిపడాలి. వెనుక గొట్టాన్ని మూస్తే పెడలులో తేడా లేదు. ముందు ఎడమవైపుది మూస్తే కొంచెం గట్టిపడింది. దాన్ని వదిలి కుడివైపుది మూసినా అంతే. రెండూ మూస్తే పెడలు రాయిలా అయింది. అంటే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. వెనుక చక్రాలూ నిర్దోషులే. జబ్బు ముందు రెండు చక్రాలలోనూ సమానంగా ఉంది. మీరు బీజగణితంలో ఒక్కొక్క చలరాశినీ తొలగించి లెక్క చేస్తారే, అదే పద్ధతి. (పాత రబ్బరు గొట్టాలు గట్టిగా నొక్కితే లోపల చిట్లుతాయి. ఇది చేయి తిరిగినవాళ్లు చేయవలసిన పరీక్ష.)

"లైనింగు వేసినప్పుడు డ్రమ్ములు లేత్ పట్టించారా సార్?" అని అడిగాడు.

"అవునయ్యా, గీతలు పడ్డాయని పట్టించాం."

ఆయన నావైపు తిరిగి, "మాస్టారూ, మీ జేబులో సుద్దముక్క ఉందా?" అన్నాడు. ఉంది. డ్రమ్ము విప్పి, షూ లైనింగు అంతటా సుద్ద పూసి, డ్రమ్ము మళ్లీ ఎక్కించి, పెడలును కొద్దిగా నొక్కించి చక్రాన్ని చేత్తో తిప్పాడు. విప్పి చూపించాడు. లైనింగు నడిమి భాగంలో మాత్రమే సుద్ద చెరిగిపోయింది. రెండు కొసలలోనూ తెల్లగా అలాగే ఉంది.

కారణం మీరూ ఊహించవచ్చు. ఇంట్లో ఒక పెద్ద గాజు లోపల చిన్న గాజు పెట్టి చూడండి. ఒక్కచోటే తాకుతుంది. లేత్ మీద కోసినప్పుడు డ్రమ్ము వ్యాసం పెరిగింది. లైనింగు మాత్రం పాత వ్యాసానికే వంపు తిరిగి ఉంది. అందుకని నడుమ మాత్రమే ఆనుతోంది. గట్టిగా తొక్కితే షూ వంగి మిగతా భాగం కూడా ఆనడానికి చూస్తుంది. ఆ వంగడమే కాలికి గాలిలా మెత్తగా తగిలింది. లైనింగును డ్రమ్ము వంపుకు సరిపోయేటట్లు అరగదీయించాక పెడలు పైకి వచ్చి నిలిచింది. గాలి తీయడానికి, మాస్టర్ సిలిండర్‌కు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

డ్రమ్మును ఇష్టం వచ్చినన్నిసార్లు లేత్ పట్టించడానికి కూడా వీల్లేదు. గోడ పలచబడితే అది వేడిని దాచుకోలేదు, ఒత్తిడికి సాగుతుంది కూడా. ఎంతవరకు కోయవచ్చో తయారీదారులు కొలత ఇస్తారు.

పెనం పరీక్ష

కారు ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లలో గాలి రెండువైపులా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే, తప్పు ఎటువైపు బ్రేకుది? ఎడమకు లాగుతోంది కాబట్టి ఎడమ బ్రేకు చెడిందని చాలామంది అనుకుంటారు. తిరగేసి ఆలోచించండి. ఎడమ చక్రం పట్టుకుంటోంది, కుడి చక్రం పట్టుకోవడం లేదు. అందుకే బండి ఎడమకు తిరిగింది. ఎక్కువసార్లు రోగి కుడివైపునే ఉంటాడు.

చక్రాల వేడి కూడా సాక్ష్యమే. పదిసార్లు మామూలుగా బ్రేకు వేసి ఆపాక, నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేయి పెట్టి (తాకకుండా) చూస్తే, చల్లగా ఉన్నది పని ఎగ్గొట్టిందని తెలుస్తుంది. బ్రేకు వేయకుండానే కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపితే అన్నీ చల్లగా ఉండాలి. ఏదైనా ఒకటి కాలుతుంటే అక్కడ షూ వదలడం లేదు. మీ అమ్మ అట్ల పెనం కాలిందో లేదో చూడడానికి నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తుంది కదా! మెకానిక్కులు డ్రమ్ము మీద అలాగే చిలకరించి, చుయ్ మన్నదేదో చూస్తారు. వదలని షూకు కారణం నీరసించిన స్ప్రింగు కావచ్చు, బిగుసుకున్న ముషలకం కావచ్చు, హ్యాండ్ బ్రేకు తీగ మరీ బిగించడం కావచ్చు, రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ద్రవాన్ని వెనక్కి రానివ్వకపోవడం కావచ్చు. నాలుగు చక్రాలూ కాలుతుంటే దోషం మాస్టర్ సిలిండర్ దగ్గర వెదకాలి.

అన్నీ బాగున్న బ్రేకు ఘాట్‌లో

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంటి దగ్గర బయటపడే జబ్బులు. కొండ దిగేటప్పుడు మాత్రమే కనబడేది ఒకటి ఉంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడినుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోట వైపు మైదానంలోకి వచ్చే కారు తక్కువలో తక్కువ 700 మీటర్లు దిగుతుంది. మన 1500 కిలోల కారు స్థితిజశక్తి లెక్క కట్టండి: 1500 × 9.8 × 700. కోటి జౌళ్ళు దాటింది! 60 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 50 సార్లు ఆపినంత వేడి. నాలుగు డ్రమ్ములూ కలిపి 30 కిలోలు, పోత ఇనుము విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 460 జౌళ్ళు అనుకుంటే, గాలికి పోకుండా ఈ వేడంతా డ్రమ్ముల్లోనే ఉండిపోతే ఉష్ణోగ్రత 700 డిగ్రీలకు పైగా పెరగాలి. చాలాభాగం గాలికి పోతుంది కాబట్టి అంత పెరగదు. కాని పెడలు మీదే కాలుంచి దిగితే రెండు మూడు వందల డిగ్రీలు పెరగడం కష్టమేమీ కాదు.

అప్పుడు మూడు అనర్థాలు ఒకేసారి మొదలవుతాయి. లైనింగు ఘర్షణ గుణకం తగ్గుతుంది. తనకు తాను బిగించుకొనే షూకు అది ఎంత దెబ్బో పైన చూశాం. రెండోది, డ్రమ్ము వ్యాకోచిస్తుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పోత ఇనుప డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.66 మిల్లీమీటరు పెరుగుతుంది. షూ తాకవలసిన గోడ దానికి దూరంగా జరిగిపోతుంది, పెడలు దిగిపోతుంది. డిస్క్ బ్రేకులో ఈ బెడద లేదు. అక్కడ పలక వేడికి లావెక్కి ప్యాడ్ల వైపే వస్తుంది. మూడోది ద్రవం సంగతి. బ్రేక్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్త ద్రవం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్లీ మన టీస్పూను గాలి కథే. ఇంటి దగ్గర గట్టిగా ఉన్న పెడలు మూడో మలుపు దగ్గర నేలకు ఆనుతుంది. చల్లారాక మెకానిక్కుకు చూపిస్తే ఏ దోషమూ కనబడదు! అందుకే డబ్బాలో మట్టం నిండుగానే ఉన్నా రెండేళ్లకొకసారి ద్రవమంతా మార్చాలి. దానిలో ఇంజను ఆయిలు, కిరోసిను వంటివి ఒక్క చుక్క పడినా రబ్బరు కప్పులు ఉబ్బి పాడైపోతాయి.

ఘాట్ డ్రైవర్లు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలంటారు. అప్పుడు కోటి జౌళ్ళలో పెద్ద భాగాన్ని ఇంజను భరిస్తుంది. మధ్యలో లైనింగు కాలిన వాసన వచ్చి, పెడలు మెత్తబడితే వెంటనే వెడల్పాటి చోట పక్కకు తీసి ఆపాలి. డ్రమ్ముల మీద బిందెడు నీళ్లు గుమ్మరించకూడదు. నాలుగు చుక్కలు వేరు, బిందె వేరు. కాలిన పోత ఇనుము హఠాత్తుగా చల్లబడితే పగులుతుంది. హ్యాండ్ బ్రేకును కూడా ఆ సమయంలో నమ్ముకోకూడదు. వెనుక డ్రమ్ములూ వేడిగానే ఉంటాయి. చల్లారేకొద్దీ అవి కుంచించుకుంటాయి, దానితో పట్టు తారుమారవుతుంది. కారును గేరులో వదిలి, పల్లం వైపు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అరగంటో ముప్పావుగంటో ఆగాలి. డ్రమ్ము దగ్గర చేయి పెడితే సెగ తగలనప్పుడు, కారు కదిలించకముందే పెడలు మరోసారి తొక్కి చూసుకోవాలి. గట్టిగా, పైన నిలిస్తేనే బయలుదేరాలి.